పడుకోబెట్టిన భూమి

విదేశాల వాళ్ళు వస్తున్నారని మా గని దారి పొడుగునా చెట్ల ఆకులు కడిగారు. వేళాకోళం కాదు, కళ్ళారా చూసిందే చెబుతున్నాను. ఇరవై రెండేళ్ళుగా సున్నపురాయి దుమ్ము పేరుకుని ఏ చెట్టు ఏదో పోల్చుకోలేని దారి అది. ఆ ఉదయం మూడు ట్యాంకర్లు వచ్చాయి. మనుషులు వాటి మీద నిలబడి గొట్టాలు పట్టుకుని కొమ్మ కొమ్మా కడిగారు. మొదటి షిఫ్టుకు పోతున్న మేమంతా గేటు దగ్గర ఆగిపోయాం. అన్నేళ్ళూ నేను సైకిల్ ఆనించిన చెట్టు చింతచెట్టని ఆ రోజే తెలిసింది.

మా కాలనీకి నాలుగు రోజులకోసారి నీళ్ళొస్తాయి. ఆ రోజు నాలుగో రోజు. ఆ ట్యాంకర్లు మా ట్యాంకర్లే. ఆడవాళ్ళు బిందెలు చంకనేసుకుని దారికి అడ్డంగా నిలబడ్డారు. అందరికంటే ముందు మా వదిన ఉంది. చనిపోయిన మా అన్న భార్య ఆమె. అన్న పదిహేనేళ్ళు క్రషరు కింద దుమ్ము మింగి, దగ్గి దగ్గి పోయాడు. ఆయన పోయాక వాగు పక్కనున్న నాలుగెకరాలను తనే చేసుకుంటోంది.

"ఆకులకి అంత దాహమేసిందేంటయ్యా?" అంది ట్యాంకరు మీదున్న వాడితో.

సూపర్‌వైజరు వచ్చాడు. "విదేశీ కంపెనీ వస్తోందమ్మా. వాళ్ళొచ్చాక మీకు రోజూ నీళ్ళే. నాలుగు రోజులు ఓపిక పట్టండి."

"ఎందులో పట్టమంటావు, ఈ బిందెలోనా?"

అందరూ నవ్వారు. వాడికి నవ్వు రాలేదు. బిందెను బూటు కాలితో తన్నాడు. అది వదిన చేతిలోంచి జారి, దొర్లుకుంటూ పోయి మురుక్కాలవలో పడింది. హెల్మెట్లు పెట్టుకున్న నలభై మంది మగాళ్ళం చూస్తూ నిలబడ్డాం. అందులో నేనొకణ్ణి. సైరన్ కూసింది, లోపలికి పోయాం. ఈ మాట చెప్పుకోవడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంది.

రెండింటికి షిఫ్టు దిగేసరికి వదిన గేటు దగ్గరే ఉంది. బిందె గురించి అడుగుతుందనుకున్నాను. ఆ ఊసే ఎత్తలేదు.

"మరిదీ, నా చేలో ఎవరో బోర్డు పాతి పోయారు. వచ్చి చదివిపెట్టు," అంది.

నీలం రంగు రేకు మీద తెల్లటి అక్షరాలు. 'పెట్టుబడులకు సిద్ధంగా ఉన్న ఖాళీ భూమి. నూట పన్నెండు ఎకరాలు.' పైకే చదివాను. వదిన రెండోసారి చదవమంది. మళ్ళీ చదివాను.

"ఖాళీ ఏంటి? ఎవరు ఖాళీ చేశారు?" అంది.

బోర్డుకు వీపు తిప్పి నిలబడ్డాను. ఎందుకో మీకు చెప్పాలి.

వాగు పక్క నేలను మావాళ్ళు వరసగా రెండేళ్ళు పండించి, మూడో ఏడు వదిలేస్తారు. నాగలి తగలనివ్వరు. గొర్రెల మందలు మాత్రం పడుకుని లేస్తుంటాయి. మూడో ఏడు చేను ఎలా ఉందని అడిగితే "పడుకోబెట్టాం" అంటారు, చంటిదాన్ని గురించి చెప్పినట్టు. ఈ ఏడు పడుకునే వంతు ఆ నూట పన్నెండెకరాలది. అరవై కుటుంబాల భూమి అది. కిందటి నెల సర్వేయరు వచ్చినప్పుడు, చదువు వచ్చినవాడు తోడుంటే మంచిదని నన్ను పంపారు. నేను గనిలో ఫిట్టర్ని. వారపు సెలవు మానుకుని గట్లన్నీ తిప్పి చూపించాను. పడుకోబెట్టడం గురించి గొప్పగా వర్ణించి చెప్పాను. అలా చేస్తే నాలుగో ఏడు కంకి ఎంత బరువు తూగుతుందో కూడా చెప్పాను.

"అంటే ఇప్పుడు ఏమీ పండటం లేదంటారు?" అన్నాడు సర్వేయరు.

"లేదండీ. హాయిగా పడుకుంది," అన్నాను.

అతను రాసుకున్నాడు. సాక్షిగా సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. ఏం రాశాడో చదవలేదు. ఆ కాగితం మీద ఉన్నవి మూడే మాటలని తర్వాత తాలూకా ఆఫీసులో చూశాను: సాగులో లేదు, ఖాళీ. కింద నా సంతకం, మెలికలు తిప్పి మరీ పెట్టింది.

గట్టు మీద కూర్చుని వదినకు ఇదంతా చెప్పేశాను.

"చదువుకున్నావనేగా నిన్ను పంపింది. చదివి పెట్టాలని తెలీదా?"

"తెలుసు వదినా. ఫిట్టర్‌గారూ, ఇక్కడో సంతకం అన్నాడు..."

"గారు అనేసరికి కరిగి నీళ్ళైపోయావన్నమాట."

తలెత్తలేకపోయాను. తిడితే బాగుండేది. ఆమె లేచి, బోర్డు పాతిన చోట తవ్విపోసిన మట్టిని చేత్తో పిసికి చూసి, మళ్ళీ గుంతలోకి తోసింది.

మర్నాడు పదిమందిమి తాలూకా ఆఫీసుకు పోయాం. పెట్టుబడుల శాఖ నుంచి వచ్చిన పెద్దాఫీసరు అక్కడే మకాం వేసి ఉన్నాడు. మర్యాదస్తుడే, కుర్చీలు వేయించాడు. "సాగులో ఉన్న భూమి ఒక్క సెంటు కూడా తీసుకోం. అది ప్రభుత్వం మాట. మీది సాగులో లేదని మీవాడే సంతకం పెట్టాడు కదా," అన్నాడు. నావైపు చూడను కూడా లేదు. బుధవారం మూడు గంటలకు విదేశీ బృందం వచ్చి స్థలం చూస్తుందని, ఆ సాయంత్రమే ఒప్పందమని చెప్పి, మాతో చేతులు కలిపి పంపించాడు.

ఆదివారం పొద్దున యూనియన్ రేకుల షెడ్డులో మీటింగు పెట్టాం. పేరుకే యూనియన్. పదేళ్ళుగా అక్కడ విరిగిన డ్రిల్లు రాడ్లు తప్ప ఎవరూ చేరలేదు. మీటింగుకు పిలిచింది మైకు. డ్రిల్లింగు చేసీ చేసీ చెవులు పోయిన పెద్దమనిషి ఆయన. తన మాట తనకే వినపడదు కాబట్టి అరిచినట్టు మాట్లాడతాడు, అందుకే ఆ పేరు.

ఒకవైపు రైతులు, ఒకవైపు గని కార్మికులు కూర్చున్నారు. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ ఉంది. నేను ఎటు కూర్చోవాలో తెలియక గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"మాట చెబితే కోపమొస్తుంది గానీ," అన్నాడు ఒక లోడరు, "మా గని ఇంకో రెండేళ్ళు. తర్వాత రాయి అయిపోతుంది. కొత్త కంపెనీ మీ చేల కింద తవ్వితేనే మాకు పని. మీ ఒక్క పంట కోసం మా పిల్లలు పస్తులుండాలా?"

"ఒక్క పంటా?" లేచాడు ఒక రైతు. "మీరు తవ్విన గుంతల్లో ఇప్పటికే మా బావులు ఇంకిపోయాయి. మిగిలింది కూడా తవ్వుకుని తాగండి!"

"తినేటప్పుడు మా రాతితో చేసిన సిమెంటు ఇళ్ళలోనే కూర్చుని తింటున్నారుగా!"

"కూర్చుంది నీ ఇంట్లో అయినా తినేది నా గింజే కదరా!"

తోపులాట మొదలైంది. మైకు బల్ల గుద్దాడు. అప్పుడు మా అక్క కూతురు లేచింది. ఐటీఐ పాసై మూడేళ్ళుగా ఖాళీగా ఉంది. మా ఇంట్లో అందరికంటే సూటిగా మాట్లాడే మనిషి.

"నాకు పొలమొద్దు మామయ్యా. అత్తకి కోపమొచ్చినా సరే. నాకు ఉద్యోగం కావాలి. అందుకే బుధవారం విదేశీయులకి పూలగుత్తి ఇమ్మంటే ఒప్పుకున్నాను. ఇంగ్లీషొచ్చని నన్ను తీసుకున్నారు."

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. వదిన మాత్రం కదల్లేదు.

"వాళ్ళేమన్నా అడిగితే చెప్పడానికని ఈ పుస్తకం ఇచ్చారు. నిన్నంతా చదివాను. మీకు చదివి వినిపించాలని తెచ్చాను," అంది.

నున్నటి కాగితాల పుస్తకం అది. ఇంగ్లీషులో చూస్తూ తెలుగులో చెప్పుకుపోయింది. తొమ్మిదో పేజీలో మా వాగు, పక్కన ఆకుపచ్చ రంగు పూసిన మా చేలు. ఖాళీ భూమి, ఎలాంటి తగాదాలూ లేవు, అడిగేవాళ్ళు లేరు. రైతులు గొణిగారు. కార్మికులు నేల చూపులు చూశారు.

"పదకొండో పేజీలో మీరున్నారు," అంది కార్మికుల వైపు తిరిగి.

ఫోటో ఎత్తి చూపించింది. హెల్మెట్లు పెట్టుకుని ఇరవై మందిమి నవ్వుతున్నాం. భద్రతా వారోత్సవమని చెప్పి, నవ్వమని బతిమాలి మరీ తీసిన ఫోటో.

"కింద ఏముంది?" అరిచాడు మైకు.

"ఇక్కడి కార్మికులు చవక. చదువు తక్కువ, ఓర్పు ఎక్కువ. పదేళ్ళుగా ఒక్క సమ్మె లేదు. ముందు కూడా ఉండదని ప్రభుత్వం హామీ ఇస్తోంది."

మైకుకు వినపడలేదేమోనని పక్కనున్నవాడు చెవిలో మళ్ళీ చెప్పాడు. ఆయన ముఖం జేవురించింది.

ఇందాకటి లోడరు ముందుకొచ్చి ఫోటో దగ్గరగా చూశాడు. "ఇది నేనే," అన్నాడు వేలు పెట్టి. "నా తరఫున హామీ ఇచ్చిందెవడు? నన్నెవడు అడిగాడు?"

"నా భూమి ఖాళీ అన్నప్పుడు నన్నడిగినవాడే నిన్నూ అడిగాడులే," అంది వదిన. ఆ మీటింగులో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

లోడరు వెనక్కి పోయి కూర్చునేటప్పుడు, ముందున్న చోట కాకుండా రైతుల పక్కన కూర్చున్నాడు. అది నేను చూశాను. ఇద్దరు ముగ్గురు కాస్త జరిగి చోటిచ్చారు.

"సాగులో ఉన్న భూమి తీసుకోం అన్నాడుగా ఆఫీసరు," అన్నాడు మైకు. "అయితే సాగు చేద్దాం! బుధవారం వాళ్ళొచ్చేసరికి నూట పన్నెండెకరాలూ దున్ని ఉండాలి!"

చప్పట్లు మోగాయి. వదిన లేచి నిలబడింది.

"దున్నొద్దు," అంది.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"రెండేళ్ళు మోసింది. అలిసిపోయి పడుకుంది. ఇంకా నాలుగు నెలలు పడుకోవాలి. ఇప్పుడు లేపితే వచ్చే ఏడు ఏమిస్తుంది? ఎవడో అబద్ధం రాశాడని నా భూమిని నేనే హింస పెట్టుకోనా?"

"భూమి పోయాక ఇంక పడుకునేదేంటమ్మా!"

"తెలుసు. నాకు తెలీదనుకుంటున్నావా?" వదిన ఏడుపొచ్చినా ఆపుకుంది. మా అన్న పోయిన రోజున కూడా నేను ఆమెను అలా చూడలేదు. రైతుల్లో సగం మంది ముఖాలు అలాగే ఉన్నాయి. వాళ్ళెవరికీ ఇందాక చప్పట్లు కొట్టడానికి చేతులు రాలేదు.

ఆమే మళ్ళీ అంది. "జనుము చల్లుదాం. మొన్నటి జల్లుకి నేల ఇంకా తడిగానే ఉంది. జనుమైతే పూతకొచ్చాక నేలలోనే కలిపి దున్నేస్తాం, భూమికే తిండి అవుతుంది. లేపడం ఎలాగూ లేపుతున్నాం. ఆకలితో మాత్రం ఉంచొద్దు."

ముందే దిగితే ఆపేస్తారని, బుధవారం పొద్దున్నే ఊళ్ళో ఉన్న నాగళ్ళు, నాలుగు ట్రాక్టర్లు చేలల్లోకి దిగాయి. మధ్యాహ్నానికి సగం కూడా కాలేదు. రెండింటికి మొదటి షిఫ్టు దిగింది. ఎవరూ ఇళ్ళకు పోలేదు. గడ్డపారలు, పారలు భుజానేసుకుని వాగు దారి పట్టారు. రెండో షిఫ్టు వాళ్ళు గేటు దాకా వచ్చి, లోపలికి పోకుండా వాళ్ళ వెనకే నడిచారు.

అప్పటికి నేను క్రషరు దగ్గర ఒక్కణ్ణే ఉన్నాను. మీట దించాను. బెల్టు నెమ్మదిగా ఆగింది. పదేళ్ళలో పట్టపగలు ఆ చప్పుడు ఆగడం అదే మొదలు. సూపర్‌వైజరు పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైంది? ఎవడు ఆపాడు?"

"నేనేనండీ. పడుకోబెట్టాను," అన్నాను.

చేలల్లో ఆ పూట చూసింది నేను చచ్చేదాకా మర్చిపోను. గనివాళ్ళకు రాయి కొట్టడం తెలుసు గానీ మట్టి సంగతి తెలియదు. గడ్డపార ఎత్తి దభీమని దించుతున్నారు. మా లోడరు తవ్విన గుంతలో మేకపిల్లను పాతిపెట్టొచ్చు.

"అది బండ కాదయ్యా, నేల! పైపైన గీకు! లోపలుంది సున్నపురాయి, అదే వాళ్ళక్కావాల్సింది, నువ్వే తీసిస్తావా ఏంటి!" అని వదిన గట్టు మీంచి కేకలేసింది. జనం పగలబడి నవ్వారు. నా చేతికి పార ఇచ్చి, "ఫిట్టర్‌గారూ, మీరు కూడా," అంది. వారం తర్వాత ఆమె నాతో ఆడిన మొదటి పరాచికం అది. ఎందుకో నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

మూడున్నరకు కార్లు వచ్చాయి. కడిగిన చెట్ల కింద నుంచి పద్నాలుగు కార్లు. ముందు కారులోంచి విదేశీయుడు దిగాడు. పొడుగాటి మనిషి, ఎండకు ముఖం ఎర్రబడింది. చేతిలో మా అక్క కూతురు చదివిన పుస్తకమే ఉంది. అందులోని పటం వైపు, ఎదురుగా ఉన్న ఎనిమిది వందల మంది వైపు మార్చి మార్చి చూశాడు. ఆఫీసరు చెమట తుడుచుకుంటూ ఇంగ్లీషులో ఏదో అన్నాడు.

మా అక్క కూతురు పూలగుత్తి పట్టుకుని కారు పక్కనే నిలబడి ఉంది. మావైపు తిరిగి గట్టిగా తెలుగులో చెప్పింది. "మనం స్వాగతం పలకడానికి వ్యవసాయం చేసి చూపిస్తున్నామంట!"

ఆ తర్వాత అతనితో ఇంగ్లీషులో మాట్లాడింది. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఏమన్నావని తర్వాత అడిగాం. "ఇది మా భూమి, ఖాళీ కాదు. వీళ్ళు గని కార్మికులు, ఈ రోజు పని ఆపి వచ్చారు. తొమ్మిది, పదకొండు పేజీలు చింపేయండి అన్నాను," అంది. ఉద్యోగం ఇక రాదని ఆమెకు తెలుసు. చెప్పేటప్పుడు నవ్వలేదు.

అతను అంతా విన్నాడు. పుస్తకం మూశాడు. మా పక్షాన ఏమైనా మాట్లాడాడేమో అనుకోకండి. కారెక్కి అద్దం ఎత్తేసుకున్నాడు. పద్నాలుగు కార్లూ వచ్చిన దారినే తిరిగి వెళ్ళాయి. సంతకాలు జరగలేదని, 'వాయిదా' అన్నారని మర్నాడు తెలిసింది. రద్దు కాలేదు. వాయిదా మాత్రమే.

కార్లు మలుపు తిరగగానే పోలీసు లారీలు వచ్చాయి. ముందుగా ఏ మాటా చెప్పలేదు. కొత్తగా దున్నిన నేలలో పరిగెత్తలేం, కాళ్ళు దిగబడతాయి. ఆడవాళ్ళను జుట్టు పట్టి ఈడ్చారు. మైకు వెనక నుంచి వస్తున్న లాఠీల చప్పుడు వినపడక అలాగే నిలబడి నినాదమిస్తున్నాడు. తల పగిలింది. వదిన ఒళ్ళో జనుము గింజల మూట ఉంది. దాన్ని వదలమని ఒకడు చేతి మీద కొట్టాడు. వదల్లేదు. మళ్ళీ కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు వినిపించింది. ఆమెనూ ఇంకో పదకొండు మందినీ లారీలో పడేసి తీసుకుపోయారు.

మర్నాడు పొద్దున కేసు కాగితం నకలు మా చేతికొచ్చింది. ఈసారి మాత్రం ప్రతి అక్షరం చదివాను. స్టేషన్ వరండాలో నిలబడి పైకే చదివాను. 'నిందితులు పన్నెండు మందీ సదరు నూట పన్నెండు ఎకరాలను అక్రమంగా దున్ని, సాగు చేస్తుండగా పట్టుబడ్డారు.'

"మళ్ళీ చదువు మామయ్యా," అంది అక్క కూతురు.

చదివాను. భూమి సాగులో ఉందని సర్వేయరు రాయనిది ఎస్సై రాశాడు, ముద్ర కూడా వేశాడు. అది విన్న రైతుల్లో ఒకాయన తిన్నగా లోపలికి పోయి, కేసులు రాసే రైటరు బల్ల ముందు నిలబడ్డాడు.

"నేనూ దున్నాను. నా పేరు కూడా రాసుకో."

రైటరు తలెత్తాడు. "నీకేమన్నా పిచ్చా? ఇంటికి పో."

"రాయాల్సిందే. అందులో రెండెకరాలు నావి. సాగు చేశానని రాయి."

ఆయన వెనక ఇంకొకరు నిలబడ్డారు. వాళ్ళ వెనక లోడరు, ఆయన వెనక రెండో షిఫ్టు మొత్తం. పొద్దెక్కేసరికి వరస వరండా దాటి, గేటు దాటి, రోడ్డు మీదికి పోయింది. నా వంతు వచ్చింది.

"నువ్వు గని ఫిట్టరువి కదా, నీకేం పని?" అన్నాడు రైటరు.

"నేనూ సాగు చేశాను. రాయండి. రాశాక నాకు చూపించండి, చదివి సంతకం పెడతాను," అన్నాను.

ఆఫీసరుకు ఫోన్ చేశారు. ఎస్సై బయటకొచ్చి బతిమాలాడు, బెదిరించాడు. ఎవరూ కదల్లేదు. కాసేపటికి పన్నెండు మందినీ కోర్టుకు తీసుకుపోవడానికి బయటకు తెచ్చారు. వదిన చెయ్యి వాచి, మెడకు వేలాడుతోంది. కట్టు కూడా సరిగ్గా కట్టలేదు. ముఖం పాలిపోయి ఉంది. ఆమెను చూడగానే నినాదాలు మొదలయ్యాయి. ఆమె వరసను ఈ చివర నుంచి ఆ చివరదాకా చూసింది. మెచ్చుకుంటుందనుకున్నాం.

"బుద్ధుందా మీకు?" అని అరిచింది. "అందరూ ఇక్కడ నిలబడితే గింజలెవరు చల్లుతారు? రేపటికి తడారిపోతుంది! సగం మంది పేర్లు రాయించుకోండి, సగం మంది చేలకి పోండి!"

ఆమెను లారీలోకి తోశారు. తర్వాత రోడ్డు మీద ఉన్న సగం వరస వెనక్కి తిరిగింది. ఆడవాళ్ళు ముందు, గనివాళ్ళు వాళ్ళ వెనక, వాగు దారిన నడవసాగారు. మా అక్క కూతురు కూడా వాళ్ళలోనే పోయింది. మేము మా చోట్లలోనే నిలబడ్డాం. వెనకవాడు నా భుజం మీద చెయ్యి వేసి, "ముందుకు జరుగు," అన్నాడు. గేటు దగ్గర ఇంజను వేసి ఉంచిన పోలీసు జీపు ఏ సగం వెనక పోవాలో తేలక అక్కడే ఆగిపోయింది.